కాగితములకు నొక గాదె

కల్లములో మిరపకాయల నెండబెట్టుట, తాలు నేరుట, టిక్కీలకెత్తుట మన చేతుల మీదుగనే జరుగుచున్నవి. పత్తి తీయు చేతులును మనవే. కాని యా పంటకు సంబంధించిన కాగితము లెచటనున్నవని యడిగినచో "వారి ఫోనులో నున్నవి" యనుట తప్ప మనలో ననేకులకు వేఱు సమాధానము లేదు. పాసుపుస్తకపు బొమ్మ, కౌలుపత్రము, బ్యాంకి రసీదు, కమిషను కొట్టువా రిచ్చిన తక్‌పట్టీ, కోల్డు స్టోరేజి బాండు, ఇవన్నియు నొక మనిషి జేబులో తిరుగుచుండును.

ఇది చిన్న విషయము కాదు. 1987-88లో తెల్లదోమ మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిని నాశనము చేసినప్పుడు అప్పుల బాధకు తాళలేక పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. అట్టి కుటుంబములకు సాయ మొసగుటకై 2004లో ప్రభుత్వము 421వ సంఖ్యగల యుత్తరువును వెలువరించినది. అయినను సాయము కోరు భార్య, తన భర్త సేద్యము చేసెననియు, అతనికి అప్పుండెననియు కాగితములతో రుజువు చేయవలసి వచ్చెను. కౌలుభూమి యైనచో కష్టము రెట్టింపు. ఫోను తాళము తెలిసినవాడు పోయిన పిమ్మట నా ఫోనొక రాతిపలక. అంతటి విపత్తు రానక్కఱలేదు; ఫోను కాలువలో జాఱిపడినను చాలును.

కావున నింటిల్లిపాదియు తెఱచి చూడదగిన గాదె యొకటి కాగితములకును కావలెను. గూగుల్ వారి యటుక నుండగా వేఱొకటి యెందులకని యడుగువారుందురు. ఆ సంస్థ 2021 జూన్ 1 నుండి ఫొటోలను గూడ 15 గిగాబైట్ల యుచితపు లెక్కలోనికి తెచ్చెను. మనుమల వీడియోలతో నది నిండిపోవుట కెన్నాళ్లు పట్టును? అదియు గాక, ఆ యటుక తాళమును ఒక్కరి ఫోనుతోనే ముడిపడి యుండును.

ఇంటికి వచ్చు ఇంటర్‌నెట్టు తీగ రౌటరను చిన్న పెట్టెలో ముగియును. ఆ పెట్టె వెనుకభాగమును చూడుడు. కొన్నింటికి పెన్‌డ్రైవు పట్టునట్టి యూఎస్‌బీ రంధ్రముండును. పాడైన ల్యాప్‌టాప్ నుండి తీసిన హార్డుడిస్కును కొన్ని వందల రూపాయలకు దొరకు తొడుగులో బిగించి యా రంధ్రమునకు తగిలింపవచ్చును. తఱువాత రౌటరు క్రింద నంటించిన చీటీపైనున్న సంఖ్యను, సాధారణముగ 192.168.1.1 లేక 192.168.0.1 ను, ఫోను బ్రౌజరులో కొట్టినచో దాని యేర్పాట్ల పుట తెఱచుకొనును. మొదట చేయవలసినది చీటీపైనున్న పాస్‌వర్డును మార్చుట. పిమ్మట ఫైల్ షేరింగు లేక సాంబా యను చోట దానిని పనిచేయనిండు. ఈ సాంబాకును మన సాంబశివునకును చుట్టఱికము లేదు, ఎస్.ఎం.బి. యను నక్షరములను బట్టి ఆస్ట్రేలియా దేశీయుడగు ఆండ్రూ ట్రిడ్జెల్ తన ప్రోగ్రామునకు పెట్టిన పేరది. ఇక ఫైళ్లు చూపు యాప్‌లో నెట్‌వర్కు చిరునామా యడుగు చోట నదే సంఖ్యను, పాస్‌వర్డును ఇచ్చినచో, ఇంటి వైఫై నందుకొను ప్రతి ఫోనునకును గాదె తలుపు తెఱచుకొనును.

ఒక్క జాగ్రత్త. పాత రౌటరులు కొన్ని ఎస్.ఎం.బి. మొదటి రూపమునే యెఱుగును. 2017 మేలో లోకమంతట కంప్యూటర్లను పట్టి పీడించిన వానాక్రై యను తెగులు ఆ పాత రూపపు లోపము గుండనే వ్యాపించెను. అట్టి రౌటరైనచో నీ పని కుపయోగింపక, మూలబడిన కంప్యూటరునో, రాస్ప్‌బెరీ పై యను అరచేతి కంప్యూటరునో గాదెగా నిలుపుట మేలు. వీనిలో నొక్కొక్కరికి వేఱువేఱు పేరును, పాస్‌వర్డును గూడ నీయవచ్చును. కోడలి వైద్యపు కాగితములను ఇల్లంతయు చదువనక్కఱలేదు గదా! గాదెను ఊరనుండియు తెఱచుకొనునట్లు చేసెదమని పిల్లలు ముచ్చటపడుదురు. ఒప్పుకొనకుడు.

ఖర్చు సంగతి: రౌటరును చిన్న డిస్కును కలిసి 10 వాట్లు వాడునని తలచినచో, రేయింబవళ్లు నడచినను నెలకు 7 యూనిట్లకు కొంచెము పైన. ఒక టెరాబైటు డిస్కులో, బొమ్మకు 3 మెగాబైట్ల చొప్పున, 3 లక్షల కాగితముల బొమ్మలకు పైగా పట్టును. పది తరముల తక్‌పట్టీలును అంత కావు.

స్థలమును మాత్ర మాలోచించి యెన్నుకొనుడు. రెంటచింతల యెండలు తెలిసినవారికి రేకుల కప్పు క్రింది యటుక మే నెలలో నెట్లుండునో చెప్పనక్కఱలేదు. డిస్కున కా వేడి పనికిరాదు. మిరపకాయలు త్రొక్కు గదికిని, చీమలు ప్రాకు గోడకును దూరముగ, గాలి యాడు చోట నుంచవలెను. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైలు చెడును. డిస్కును గూడ మోయగల చిన్న యూపీఎస్ రౌటరునకు తగిలించుకొనుటకై పెట్టు సొమ్ము వృథా పోదు.

పేర్లు పెట్టుటలో మనవారు సోమరులు. "కొత్తది", "కొత్తది రెండు" అని వ్రాసికొన్నవారికి మూడవ యేట నేమియు దొరకదు. వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము నాటి పత్రికల నెన్నింటినో నేటివఱకు కాపాడినది. కాని యేది యే బీరువాలో నున్నదో తెలియనిచో వానిని చదువు టెట్లు? పొలము, బ్యాంకి, వైద్యము, చదువు అను నాలుగు సంచులు చాలును. ఫైలు పేరున సంవత్సరము ముందు రావలెను: 2024-మిర్చి-తక్‌పట్టీ, 2024-కౌలుపత్రము. 2019 చట్టము క్రింద కౌలుదారున కిచ్చిన సాగుదారు హక్కుల కార్డు పదునొకండు నెలలకే చెల్లునది; నెల గూడ వ్రాయనిచో నేది క్రొత్తదో పోల్చుకొనలేము.

బొమ్మ యున్నదిగదా యని అసలు కాగితమును పాఱవేయరాదు. ప్రోనోటుపై తగవు వచ్చినప్పుడు అసలునే తెమ్మందురు; గిడ్డంగిలో టిక్కీలు విడిపించుకొనుటకు బాండే కావలెను. గాదెలోనిది, అసలు పోయినప్పుడు దాని సంఖ్యయు తేదియు చెప్పి నకలు కోరుటకు, అసలున్నప్పుడు దానిని వెదకు శ్రమ తప్పుటకు.

డిస్కు ఎన్నడో యొకనాడు చెడి తీఱును. అందుచే రెండవది కావలెను, అదియు వేఱొక యింటిలో. 1977 నవంబరు ఉప్పెనను చూచిన తీరమువారి కిది వేఱుగ చెప్పనక్కఱలేదు. దానికి పుట్టిల్లే తగిన తావు. సంక్రాంతికి పోవునప్పుడు నకలు దించిన డిస్కును తీసికొనిపోయి యచటి పాతదానిని తెచ్చుకొనుడు. వేసవిలో మరల మార్చుకొనుడు. దానికి పాస్‌వర్డుతో తాళము వేయుడు. ఆ మాటను ఫోనులో వ్రాసికొనక, కాగితముపై వ్రాసి నగల పెట్టెలో నుంచి, ఎదిగిన కూతునకో కోడలికో చూపి యుంచుడు.