వాణ్ణి లాక్కెళ్లొద్దు, ముందు మనం గడప దాటుదాం

పుదుచ్చేరి లాస్‌పేటలోని తెలుగు కుటుంబాలకు, ఆటిజం ఉన్న ఎదిగిన కొడుకుల్ని సాకుతున్న అమ్మలకూ నాన్నలకూ మనవి

అబ్బాయికి పాతికేళ్లు దాటాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. గది గడియ తీయడు. డాక్టరు పేరెత్తితే "నాకేం పిచ్చా?" అని విరుచుకుపడతాడు. ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒకటే సలహా ఇస్తారు: పెళ్లి చేసెయ్యండి, అన్నీ సర్దుకుంటాయి. దానికి జవాబు ఇక్కడే చెప్పేస్తున్నాం. ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు మందు సీసా కాదు.

మన పిల్లల్ని మొండివాళ్లంటారు. ఆ మొండితనం వెనక ఏముందో చూడండి. చిన్నప్పుడు బడిలో తిన్న దెబ్బలుంటాయి. ఓపీ వరసలో గంటల తరబడి నిలబెట్టిన రోజులుంటాయి. ట్యూబులైటు మినుకుమినుకులు, జనం రొద, ముట్టుకునే చేతులు, ఇవన్నీ వాళ్ల ఒంటికి మనకంటే ఎక్కువగా తగులుతాయి. తనకిష్టమైన పనినైనా ఎవరైనా "చెయ్యి" అనగానే చేయలేకపోయే పిల్లల గురించి 1980లలోనే ఇంగ్లండులో ఎలిజబెత్ న్యూసన్ అనే మనస్తత్వవేత్త రాశారు. దీన్ని వేరే స్థితిగా లెక్కించాలా వద్దా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. మనింట్లో మాత్రం ఆజ్ఞలు తగ్గించి చూద్దాం. పక్క గదిలోనే ఉండి వాట్సాప్‌లో రాస్తే జవాబిచ్చే పిల్లలున్నారు. అలాగే రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక చట్టం సంగతి. ఆటిజం మానసిక జబ్బు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదొకటి. పద్దెనిమిది నిండిన కొడుకు తరఫున కన్నవాళ్లమనే హక్కుతో మనం సంతకం పెట్టలేం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం అవసరమైనవాళ్లకి జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. అయితే సంరక్షణ అంటే పెత్తనం కాదు. 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షణలో నిర్ణయాలు అతనితో కలిసి, అతని ఇష్టాన్ని బట్టే తీసుకోవాలి. ఆ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. దానికి వైకల్య ధ్రువపత్రం కావాలి. పత్రం కావాలంటే పరీక్షకి అతను రావాలి. మన బండి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

అందుకే పాలకుల్ని అడుగుదాం: గది దాటి రాలేని పెద్దవాళ్ల దగ్గరికి పరీక్ష చేసేవాళ్లే ఇంటికి రావాలి. అది కుదరని చోట జనం లేని వేళ చూసి, ఎదురుచూపు లేకుండా పిలవాలి. యానాం కూడా ఈ పుదుచ్చేరిలో భాగమే, కాబట్టి దరఖాస్తులూ మాటలూ తెలుగులో కూడా నడవాలి. ఈ మూడూ రాసిన వినతిపత్రం సిద్ధంగా ఉంది, మీ సంతకం కావాలి.

అతను రానన్నా మనం వెళ్లవచ్చు. జిప్మర్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈసీఆర్ మీద చెన్నై వైపు వెళ్తే ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. తల్లి ఒక్కతే వెళ్లి "వాడు రాడు, నేనేం చెయ్యాలి?" అని అడగడం తప్పేమీ కాదు. అడిగివచ్చిన సంగతి అబ్బాయికి దాచకండి. ఒకసారి నమ్మకం పోతే గడియ ఇంకా బిగుస్తుంది.

చచ్చిపోతానన్నా, ఒంటికి గాయం చేసుకుంటున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం, 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ.

మనం పోయాక వాడి గతేంటి? ప్రతి ఇంట్లోనూ రాత్రిపూట నడిచే ప్రశ్న ఇది. దానికి జవాబుగా ఒకరి బతుకు చూడండి. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి రాసిన వ్యాసంలో మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో బతికాడు. బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అమ్మానాన్నలు పోయాక కూడా ఊరు అతణ్ణి తనవాడిగానే చూసుకుంది. వాళ్లది బ్యాంకున్న కుటుంబం, మనది కాదు, నిజమే. ఇరుగుపొరుగు మాత్రం మనకీ ఉన్నారు. కిరాణా కొట్టాయనకీ, పాలు పోసే ఆవిడకీ, పై అంతస్తువాళ్లకీ మీ అబ్బాయి పేరు, అతనికి గిట్టనివి, నచ్చేవి చెప్పి ఉంచండి. ఇన్నాళ్లూ దాచి మనం బాగుపడింది లేదు.

ఆదివారాలు సాయంత్రం ఐదింటికి హెలిపాడ్ మైదానంలో, నడిచేవాళ్లకి అడ్డం రాకుండా ఒక పక్కన కూర్చుంటాం. చందాల్లేవు, ఉపన్యాసాల్లేవు. ఇద్దరూ ఒకేసారి ఇల్లు వదల్లేకపోతే ఒకరే రండి. అన్నయ్య బాధ్యతో తమ్ముడి బాధ్యతో రేపు తమ మీద పడబోయే పిల్లలుంటే వాళ్లనీ తీసుకురండి. ఆధార్ నకలు ఒకటి, పాత వైద్య కాగితాలు ఏవుంటే అవి తెచ్చుకోండి. అబ్బాయిని బలవంతంగా తీసుకురానక్కర్లేదు. ఎక్కడికి వెళ్తున్నారో మాత్రం అతనికి చెప్పి రండి.

ఇట్లు
లాస్‌పేటలోని కొందరు అమ్మానాన్నలు