యంత్రానికే ధీమా... రోగికేదీ బీమా?

మూత్రపిండాలు పూర్తిగా చెడిన రోగికి డయాలసిస్ అన్నది ఒకసారి చేయించుకుని తేరుకునే చికిత్స కాదు. వారానికి రెండు మూడు పర్యాయాలు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు యంత్రాన్ని ఆశ్రయించక తప్పదు. మార్పిడికి మూత్రపిండం లభించేదాకా, లేదా ఊపిరి ఉన్నంతకాలం ఆ క్రమం తప్పరాదు. ఆరోగ్య బీమా మాత్రం ఆసుపత్రిలో చేరి, నయమై, ఇంటిముఖం పట్టే రోగిని దృష్టిలో పెట్టుకుని రూపుదిద్దుకున్నది. ఈ పొంతనలేమే అసలు సమస్య!

దేశంలో ఏటా 2.2 లక్షలమంది కొత్తగా ఈ వ్యాధి తుదిదశకు చేరుతున్నారని, ఒక్కో విడతకు సుమారు రూ.2,000 వంతున ఏడాదికి రూ.3 లక్షలకు పైగా ఖర్చవుతున్నదని 2016-17 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ వెల్లడించారు. అవసరంలో సగమే తీరుతున్నదనీ అంగీకరించారు. అప్పుడు ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో కేంద్రాలు వెలిశాయి. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్, అర్హత గల కుటుంబాలకు ఏటా రూ.5 లక్షల వరకు వైద్య రక్షణ కల్పించింది. అంతకుముందే, 2007లో ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకారం చుట్టుకున్న ఆరోగ్యశ్రీ పేదల వైద్యానికి కొత్త దారి చూపింది. వేలాది ప్రాణాలను ఈ పథకాలు నిలబెట్టాయనడంలో సందేహం లేదు.

అయితే, యంత్రం ఖర్చు తీరినంతమాత్రాన రోగి గట్టెక్కినట్లు కాదు. రక్తహీనతను అరికట్టే ఇంజెక్షన్లు, రక్తపోటు మందులు, తరచూ చేయించాల్సిన పరీక్షల భారం చాలా సందర్భాల్లో కుటుంబంపైనే పడుతున్నది. పల్లె నుంచి పట్టణానికి వారానికి మూడుసార్లు బస్సు ఛార్జీలు, రోగితోపాటు తోడు వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి ఏ బీమా లెక్కల్లోకీ రావు. ఫలితంగా మూడుసార్లు చేయించుకోవాల్సినవారు రెండింటితో సరిపెట్టుకుని ప్రాణాల మీదకు తెచ్చుకుంటున్నారు.

పేదరికపు రేఖకు కాస్త పైనున్న చిరుద్యోగి స్థితి మరీ దయనీయం. ప్రభుత్వ పథకానికి అతడు అనర్హుడు. ప్రైవేటు పాలసీ కొనబోతే, మూత్రపిండాలు చెడినవారిని చేర్చుకోవడానికి సంస్థలు వెనకాడతాయి. అప్పటికే ఉన్న వ్యాధులకు గరిష్ఠ నిరీక్షణ గడువును బీమా నియంత్రణ సంస్థ 2024లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. వారమైనా ఆగలేని రోగికి మూడేళ్ల గడువు ఊరట ఎలా అవుతుంది?

డయాలసిస్ రోగుల పింఛనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో నెలకు రూ.10,000కు పెంచడం, చికిత్స వెలుపలి ఖర్చులనూ గుర్తించిన చర్య. ఉద్దానం గోడు ఎరిగిన రాష్ట్రం అది. ఆ స్ఫూర్తి దేశమంతటికీ విస్తరించాలి. మందులు, పరీక్షలు, ప్రయాణ వ్యయాలను డయాలసిస్ ప్యాకేజీలోనే చేర్చాలి. ఇంటివద్దే చేసుకోదగిన పెరిటోనియల్ డయాలసిస్‌కూ అంతే ప్రాధాన్యమివ్వాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి రోగికీ ఈ రక్షణ వర్తించాలి. రక్తాన్ని శుద్ధిచేసి, రోగి కుటుంబాన్ని అప్పుల ఊబిలో వదిలేసే బీమా సగం వైద్యమే!