రెండో కృష్ణుడికి పద్యాలుంటాయి

మా అల్లూరు వైపు ఐసు అంటే చేపల పెట్టెలో పోసేది. ఇసకపల్లి ఒడ్డుకు పడవ చేరగానే చేపలు ఏరి, సర్ది, పైన ఐసు పోసి బండికెత్తుతారు. రొయ్యల గుంటలో పట్టుబడి రోజైతే లారీల్లో దిగుతుంది. ఎండాకాలం సోడా బండి దగ్గర కాస్త, పెళ్లిలో నీళ్ల డ్రమ్ములో కాస్త. అంతకుమించి ఐసుతో మనకు చుట్టరికం లేదు. అలాంటి ఊళ్లో కూచుని, ఉక్కు బ్లేళ్ల బూట్లు తొడుక్కుని ఐసు మీద జారుతూ హాకీ ఆడిన ఒక ఫ్రాన్సు దేశస్థుడి సంగతి చెబుతానంటే 'ఈయనకేమైంది' అనుకుంటారు. కాస్త ఓపిక పట్టండి. ఆ కథ తిరిగి తిరిగి తిరుపతి వైపు ఒక పల్లెకు వస్తుంది.

అతని పేరు క్రిస్టోబల్ ఉయె. గోల్‌కీపర్. అమెరికా, కెనడాల్లో ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో గెలిచినవాళ్లకు స్టాన్లీ కప్ ఇస్తారు. ఆ కప్పు మీద తన పేరు చెక్కించుకున్న మొదటి ఫ్రాన్సు ఆటగాడు అతనే. ఇంత చెప్పాక, కప్పు గెలిచిన ఆ పోటీల్లో అతను ఐసు మీద నిలబడ్డది ఇరవై నిమిషాలేనంటే నమ్మాలనిపించదు. తక్కిన రోజులన్నీ బెంచీ మీదే. ఎందుకంటే అప్పటికి అతను రెండో గోల్‌కీపర్.

తిరునాళ్లలో రాత్రంతా పద్యనాటకం చూసినవాళ్లకు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు తెలుసు. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు ఒకరు. రెండో కృష్ణుడంటే తక్కువ కృష్ణుడు కాదు. ఆయనకూ పద్యాలుంటాయి, వన్స్‌మోర్లుంటాయి, ఒక్కోసారి మొదటాయన కన్నా ఎక్కువే పడతాయి. గోల్‌కీపర్ల లోకంలో ఆ ఏర్పాటు లేదు. ఒకటో కృష్ణుడు తెల్లారేదాకా దిగడు. రెండో ఆయన కిరీటం పెట్టుకుని, రంగు పూసుకుని, పద్యాలన్నీ నోట పట్టుకుని తెర పక్కన కూచోవాలి. మొదటాయన గొంతు పోవాలి, లేదా కాలు బెణకాలి, లేదా జనం కేకలేసి దించెయ్యాలి. అప్పుడే పిలుపు.

ఐసు హాకీలో మిగతా ఆటగాళ్లు ముప్పావు నిమిషమో నిమిషమో ఆడి బెంచీ దగ్గరికొచ్చేస్తారు, ఇంకో విడత వాళ్లు దిగుతారు. అందరికీ వంతు వస్తుంది. గోల్‌కీపర్‌కి వంతుల్లేవు. రెండో గోల్‌కీపర్ కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, శిరస్త్రాణం బదులు టోపీ పెట్టుకుని కూచుంటాడు. బెంచీ తలుపు తీసి, వచ్చేవాళ్లను రానిచ్చి, పొయ్యేవాళ్లను పోనివ్వడం మామూలుగా అతని పనే. కోట్ల జీతగాడైనా సరే.

ఉయె 1975లో ఫ్రాన్సులోని గ్రెనోబ్ల్ పక్కన పుట్టాడు. ఫ్రాన్సులో ఫుట్‌బాల్ ముందు ఐసు హాకీ, మన దగ్గర క్రికెట్ ముందు హాకీ లాంటిది. సొంత ఊరి జట్టులో ఆడి, స్విట్జర్లండులో లుగానో జట్టుకు వెళ్లి 1999లో అక్కడ చాంపియన్ అయ్యాడు. 2001లో లాస్ ఏంజెలెస్ జట్టు అతన్ని ఎంచుకుంది, అదీ 214వ వాడిగా. అప్పటికి పాతికేళ్లు. ఆ వయసుకు చాలామంది అక్కడ నాలుగైదేళ్ల అనుభవస్థులు.

అక్కణ్ణుంచి కెనడాలోని మాంట్రియల్‌కు మారాడు. ఆ ఊళ్లో గోల్‌కీపర్ అంటే మనకు సినిమా హీరో ఎంతో అంత. హోసె తియొడోర్ అక్కడ ఒకటో గోల్‌కీపర్, 2002లో లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడిగా బహుమతి అందుకున్నవాడు. అతని ఆట జారింది. ఉయెకు పిలుపొచ్చింది. 2005-06 సీజన్లో మీదికొచ్చిన ప్రతి వెయ్యి షాట్లలో 929 ఆపిన లెక్కన, ఆ విషయంలో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. తియొడోర్‌ను వేరే జట్టుకు పంపేశారు. 2008లో వాషింగ్టన్ జట్టులోనూ ఇదే జరిగింది. అక్కడ ఏళ్ల తరబడి గోల్ కాసిన ఓలాఫ్ కోల్జిగ్ ఉండగానే వెళ్లి, ఆడిన పదమూడు ఆటల్లో పదకొండు గెలిపించి, అతని స్థానంలో కుదురుకున్నాడు. తప్పు పట్టే పనిలేదు. ఈ కొలువులో ఖాళీ పడే పద్ధతే అంత. ఎవరో లేస్తేనే కుర్చీ.

ఆ వేసవిలోనే షికాగో జట్టు నాలుగేళ్లకు 2 కోట్ల 25 లక్షల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. ఇక్కడ కథ తిరగబడుతుంది. 2009-10లో అదే జట్టులో ఆంటీ నియెమి అనే ఫిన్లండు కుర్రాడున్నాడు. ఒకప్పుడు ఐసు మైదానాన్ని నునుపుచేసే బండి నడిపినవాడు. జీతం ఉయె జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఆ సీజన్లో ఉయె 48 ఆటలు ఆడి 26 గెలిచాడు. నియెమి 39 ఆటలే ఆడి అవే 26 గెలిచాడు. ఓడినవి మాత్రం ఉయెవి రెట్టింపు. అసలు పోటీల వేళకు గోల్లో నియెమి, బెంచీ మీద ఉయె. 2010 జూన్ 9న ఫిలడెల్ఫియాను ఓడించి షికాగో 49 ఏళ్ల తర్వాత కప్పు ఎత్తింది. ఉయె కూడా ఎత్తాడు. ఆ సాయంత్రం అతని మనసులో ఏముందో మనమెవరం చెప్పడానికి?

తర్వాత జరిగింది లెక్కల వ్యవహారం. అక్కడ జట్టు మొత్తం జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. బెంచీ మీద కూచునేవాడికి అంత జీతం ఆ పరిమితిలో ఇమడదు. అప్పటి నిబంధనల ప్రకారం యూరప్ జట్టుకు అరువిస్తే ఆ జీతం లెక్కలోకి రాదు. అందుకని మిగిలిన రెండేళ్లకూ అతన్ని స్విట్జర్లండులోని ఫ్రిబూర్‌కు పంపారు. విచిత్రం చూడండి, కప్పు గెలిపించిన నియెమిని కూడా ఉంచుకోలేకపోయారు, ఆ వేసవిలోనే అతనూ వెళ్లిపోయాడు. ఉయె మాత్రం 2012 నుంచి లౌసాన్ జట్టుకు ఆడుతూ 2018 దాకా ప్యాడ్లు విప్పలేదు. నలభై దాటినా గోల్లోనే ఉన్నాడు. ఆ తర్వాత అక్కడే గోల్‌కీపర్లకు పాఠాలు చెప్పాడు.

ఐసు హాకీ బిళ్ల బరువు 156 నుంచి 170 గ్రాములు. మన హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు. నేల వేరు, ఆట వేరు. మీదికొచ్చే దెబ్బ బరువు మాత్రం ఇంచుమించు ఒకటే.

ఆ దెబ్బలు ఏళ్ల తరబడి కాచుకున్న తెలుగమ్మాయి ఇతిమరపు రజని. అప్పటి చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా, ఎర్రావారిపాళెం మండలం యనమలవారిపల్లె. వడ్రంగం చేసుకునే కుటుంబం. మన బళ్లలో ఆటల పీరియడ్‌లో ఆట సరిగా రానివాణ్ణి గోల్లో నిలబెట్టడం రివాజు. తెలుగునాట హాకీ అంటే మూడు ఒలింపిక్స్ ఆడిన హైదరాబాద్ ముకేశ్ కుమార్ గుర్తొస్తాడు, ఆయన ఫార్వర్డ్. గోల్ కొట్టినవాడి పేరు ఎవరైనా చెబుతారు, కాచినవాళ్ల పేరు అడిగితే తడుముకుంటారు. అలాంటిచోట గోల్‌కీపర్‌గానే దేశం జట్టులోకి వెళ్లిందంటే ఆ పిల్ల ఎంత గట్టిదో ఊహించండి.

అయితే రజని కాలంలోనే హర్యానాలో సవిత పూనియా ఉంది. రజని పుట్టింది 1990 జూన్ 9న. సవిత అదే ఏడు జులై 11న. నెలా రెండు రోజుల తేడా. (షికాగో కప్పు ఎత్తిన రోజు రజనికి సరిగ్గా ఇరవై నిండాయి, కాకతాళీయమే అనుకోండి.) ముందున్నది పెద్దామె అయితే నాలుగేళ్లు ఆగుదాం అనుకోవచ్చు. ఈడుజోడు మనిషి, అందులోనూ వరసగా మూడుసార్లు ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి తెచ్చుకున్న మనిషి ముందుంటే ఎన్నాళ్లు ఆగాలి?

దీనికి తోడు ఒక నిబంధన. పెద్ద పోటీలకు హాకీ జట్టులో 18 మందిని తీసుకెళ్తారు. ఒలింపిక్స్‌కు 16 మందే. రెండు స్థానాలు తగ్గేసరికి మొదటి కోత రెండో గోల్‌కీపర్ మీద పడుతుంది. అందుకే 2017 ఆసియా కప్ బంగారం, 2018 ఆసియా క్రీడల వెండి, 2022 కామన్వెల్త్ క్రీడల కంచు, ఈ జట్లన్నిటిలో సవితతో పాటు రజని ఉంది. 36 ఏళ్ల తర్వాత మన అమ్మాయిలు ఒలింపిక్స్‌కు వెళ్లిన 2016లో మాత్రం ఆమె రిజర్వ్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కూ రిజర్వే. అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజు సవిత గోడలా నిలబడిందని దేశమంతా పొగిడింది. పొగడాల్సిందే. కానీ ఆ గోడను కట్టిన రోజుల్లో పక్క గోల్లో నిలబడి అవే పెనాల్టీ కార్నర్లు, అవే దెబ్బలు కాచుకున్న మనిషి ఇంకొకరున్నారు. రెండో గోల్‌కీపర్‌కి సాధనలో రాయితీ లేదు. ఇంకా చెప్పాలంటే సాధనే ఆమె మ్యాచి.

టోక్యో తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో వెయ్యి గజాల స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఆడకుండానే ఇంతా అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. బెంచీ మీద ఉన్న ఉయెకు ఏడాదికి 56 లక్షల డాలర్లు ముట్టాయి, ఒప్పందం కాబట్టి. రజని వెనక అలాంటి ఒప్పందమేదీ లేదు. నన్నడిగితే ఈ మధ్యకాలంలో సర్కారు ఖర్చుపెట్టిన డబ్బులో అది మంచి ఖర్చే.

ఇక ఫైవ్స్ సంగతి. జట్టుకు అయిదుగురే ఆడే హాకీ ఇది. మైదానం చిన్నది, చుట్టూ చెక్క కంచె లాంటి అడ్డుపలకలు, బంతి వాటికి తగిలి తిరిగొస్తుంది, అచ్చం ఐసు హాకీలో లాగే. ఎక్కణ్ణుంచి కొట్టినా గోల్ లెక్కే. గోల్‌కీపర్‌కి కన్నార్పే వీలుండదు. 2022లో ఈ ఆట అంతర్జాతీయ పోటీ లౌసాన్‌లో జరిగితే, ఉయె ప్యాడ్లు విప్పిన ఆ ఊళ్లోనే, భారత జట్టు కెప్టెన్‌గా దిగింది రజని. 2024 జనవరిలో ఒమన్ రాజధాని మస్కట్‌లో మొట్టమొదటి ప్రపంచ కప్‌కూ ఆమే కెప్టెన్.

ఆ నెల మన హాకీకి బాగోలేదు. 19వ తేదీన రాంచీలో జపాన్ చేతిలో ఓడి పెద్ద జట్టు పారిస్ ఒలింపిక్స్ పోగొట్టుకుంది. పత్రికలు ఆ దిగులు మీదే ఉన్నాయి. వారం తిరిగేసరికి మస్కట్‌లో రజని జట్టు సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించింది. 27న ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడింది. ప్రపంచ కప్పులో వెండి పతకం. ఏడు గోల్స్ పడ్డ మ్యాచిని ఎవరూ తలుచుకోరు. నేను మాత్రం ఆ అంకెను వేరేగా చదువుతాను. ఆ ఏడూ పడేటప్పుడు గోల్లో పేరున్నది ఆమెకే, జవాబు చెప్పాల్సిందీ ఆమే. అన్నేళ్లు బెంచీ మీద ఆమె ఎదురుచూసింది ఆ బరువు కోసమే కదా.

మస్కట్‌కు వెళ్లిన జట్టు జాబితాలో కెప్టెన్ పేరు కింద రెండో గోల్‌కీపర్ పేరొకటి ఉంది, బన్సరి సోలంకి. 2025లో చైనాలో జరిగిన ఆసియా కప్‌కు ఎంపికచేసిన పెద్ద జట్టులో గోల్‌కీపర్లు ఇద్దరు. అందులో ఒకరు ఆ బన్సరే.