మూడు వ్యాకరణములు, ఒకే తరగతి

ఆంగ్లమున భాషాభాగములెన్ని యని అడిగినచో మన కళాశాలలో చేరు విద్యార్థి తడుముకొనక ఎనిమిది యని చెప్పును. నౌన్ మొదలు ఇంటర్‌జెక్షన్ వరకు నిర్వచనములను సైతము వల్లించును. కాని ఒక వాక్యమునిచ్చి అందు క్రియ యేదో చూపుమన్న వెనుకాడును. క్రియను గుర్తింపలేనివానికి ఆంగ్లమున నున్న భౌతికశాస్త్ర ప్రశ్న తన్నేమి చేయుమనుచున్నదో తెలియదు. ఈ లోపము విద్యార్థిది కాదని మా అభిప్రాయము.

తెలుగు పాఠశాలలో చదివినవారు నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అను అయిదింటిని నేర్చి వత్తురు. ఉర్దూ పాఠశాల నుండి వచ్చినవారు అరబ్బీ సంప్రదాయము ననుసరించి ఇస్మ్, ఫేల్, హర్ఫ్ అను మూడింటిని ఎరుగుదురు. జమీర్, సిఫత్ అనునవి ఇస్మ్‌లోనే చేరును. అయిదు, మూడు, ఎనిమిది: ఇవి సంబంధము లేని మూడు శాస్త్రములని పిల్లలు భ్రమపడుచున్నారు. నిజమునకు ఎనిమిది యను సంఖ్యలో మహిమ యేమియు లేదు. పూర్వము గ్రీకులు ఎనిమిది లెక్కించినప్పుడు విశేషణము నామవాచకములోనే కలిసియుండెను. లాటిన్‌లో ఆర్టికల్ లేదు గనుక, దానికి బదులు ఇంటర్‌జెక్షన్‌ను చేర్చి లెక్క సరిపెట్టుకొనిరి. సంస్కృతమున యాస్కుడు నాలుగే చెప్పెను.

పదము వాక్యములో చేయు పనినిబట్టి దాని జాతి తెలియును. నూజివీడు తోటలలో పెరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. 'పండు కోసితిమి' అన్నప్పుడు పండు నామవాచకము. 'గడ్డిలో వేసిన చిన్నరసము నాలుగు దినములలో పండును' అన్నప్పుడు ఆ పండు అనునదే క్రియ. ఆంగ్లమున వాటర్ అను మాటయు నట్టిదే. కుండలో నున్నప్పుడు నౌన్. మొక్కలకు నీరు పెట్టుమని 'వాటర్ ది ప్లాంట్స్' అన్నప్పుడు వెర్బ్. ఈ ఒక్క పోలిక పది నిర్వచనముల పెట్టు.

ప్రిపొజిషన్ సంగతియు చూడుడు. 'చెట్టు మీద', 'దరఖ్త్ పర్' అని మన రెండు భాషలలోను సంబంధమును తెలుపు మాట పేరు తరువాత వచ్చును. ఆంగ్లమున 'ఆన్ ది ట్రీ' అని ముందు నిలుచును. ప్రిపొజిషన్ అను పేరునకు అర్థమే ముందుంచబడినది యని. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాటలాడు బాలబాలికలకు దీనిని బోధించుటకు ఎంతసేపు పట్టును? అయితే 'ది' వంటి ఆర్టికల్ మన రెండు భాషలలోను లేదు. అక్కడ మాతృభాష చేయు సాయము స్వల్పము. చదివి చదివి అలవరచుకొనవలసినదే.

ఆంగ్లమును ఆంగ్లముననే బోధింపవలెనని కొందరు పెద్దలందురు. సంభాషణకును పఠనమునకును ఆ మాటను ఒప్పుకొందుము. వ్యాకరణము భాషను గూర్చిన ఆలోచన. అది తెలిసిన మాటలలో మొదలగుట న్యాయము. కళాశాల సంఘమువారికి మా విన్నపమిది: విద్యాసంవత్సరపు తొలి నెలలో వారమునకొక పీరియడు తెలుగు, ఉర్దూ, ఆంగ్ల అధ్యాపకులు ముగ్గురును ఒకే తరగతిలో నుండునట్లు కాలపట్టికను సవరింపుడు. త్రైమాసిక పరీక్షలో 'నౌన్ అననేమి?' యని అడుగుటకు మారుగా ఒక పేరానిచ్చి ప్రతి పదము చేయు పనిని వ్రాయుమనుడు. జవాబు తెలుగులోగాని ఉర్దూలోగాని వ్రాయనిండు. మొదటి సంవత్సరము మార్కులు తగ్గవచ్చును. తగ్గనిండు.