వసతిగృహముల పునరుద్ధరణ

స్వాతంత్ర్య రజతోత్సవ స్మారకముగా 1972లో కర్నూలున వెలసిన సిల్వర్ జూబిలీ కళాశాల, ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ విద్యార్థుల నొక్కచోట నుంచి చదివింపవలెనను సంకల్పమునకు ఫలము. అది 2020లో క్లస్టర్ విశ్వవిద్యాలయమున చేరినది. ఆ సంకల్పము తరగతిగదికంటె వసతిగృహముననే నెరవేరును. ఒకే పంక్తిని భుజించినవారికి ప్రాంతభేద మెట్లు తోచును?

అర్ధశతాబ్దము దాటిన సంస్థకు వసతిగృహముల పునరుద్ధరణ పథక మావశ్యకము. గోడలకు సున్నము కొట్టించి, ద్వారమున శిలాఫలకము నిలిపి చేతులు దులుపుకొనుట మనకు పరిపాటి! ముందుగా ఇంజనీరు పైకప్పు నెక్కి చూడవలెను. వేసవిలో నీటికి కటకటపడు నీ పట్టణమునే 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తినది. ఈ రెంటిని తలచి నీటితొట్లు, మురుగుకాలువలు, విద్యుత్తు తీగెలు అమర్పవలెను. పనులు సెలవులలో ఒక్కొక్క భాగముగ సాగవలెను. మరమ్మతు పేర దూరగ్రామముల రైతుబిడ్డలను వెలికి బంపినచో కొందరు చదువే మానుదురు. బదులు వసతి చూపనిదే యొక్క గదికిని తాళము వేయరాదని అధికారులను కోరుచున్నాము.