ముందు చీకటి, తర్వాతే ప్రొజెక్టర్

పోయిన సంక్రాంతికి నాన్న మా ఇంటికొచ్చారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే, "ఒరేయ్, మాయాబజార్ ఇంకోసారి పెద్ద తెర మీద చూడాలిరా" అని. ఆమాత్రం చెయ్యలేమా అని ఆ రాత్రే ఆన్‌లైన్లో ఒక ప్రొజెక్టర్ ఆర్డర్ పెట్టేశా. పద్నాలుగు వేలు. 9000 ల్యూమెన్లు, 4కె సపోర్ట్ అని డబ్బా మీద ఇంతింత అక్షరాలు.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో తెల్లగోడ మీద బొమ్మ వేశాం. ఏమీ కనపడలేదు. సరే అని రాత్రిదాకా ఆగి, వంటింట్లో లైటు మాత్రం ఉంచి మళ్ళీ వేశా. మార్కస్ బార్ట్‌లీ తీసిన ఆ పడవ మీది వెన్నెల పాట వచ్చింది. వెన్నెలా లేదు, రాత్రీ లేదు, అంతా బూడిద రంగే. నాన్న కాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లోపం తన కళ్ళదే అనుకున్నారు పాపం. నాకు సిగ్గేసింది.

రిక్వైర్‌మెంట్స్ తీసుకోకుండా కోడ్ రాసేస్తే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. నేను చేసింది సరిగ్గా అదే.

అసలు సంగతి చాలా చిన్నది. ప్రొజెక్టర్ తెలుపు వెయ్యగలదు గానీ నలుపు వెయ్యలేదు. నల్లటి కాంతి అంటూ ఏదీ లేదు కదా! తెర మీద నలుపంటే అక్కడ వెలుతురు పడకపోవడమే. కిటికీ వెలుతురే కాదు, తెర మీంచి తెల్లటి గోడలకీ సీలింగుకీ తగిలి వెనక్కొచ్చే వెలుతురు కూడా ఆ నలుపుని పాడు చేస్తుంది. ఎన్ని ల్యూమెన్లు కొన్నా నలుపు రాదు.

మనవాళ్ళంతా ముందు అడిగేది మాత్రం ల్యూమెన్లే. చిన్న లెక్క చూడండి. 100 అంగుళాల తెర వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. అంటే సుమారు 30 చదరపు అడుగులు. ఫిల్మ్ రీళ్ళ రోజుల్లో సినిమా హాలు తెరకి ప్రమాణం 16 ఫుట్ లాంబెర్టులు. మామూలు తెల్ల తెరకైతే చదరపు అడుగుకి 16 ల్యూమెన్లన్నమాట. మొత్తం 480. చీకటి గదిలో తెర మీద పడాల్సింది అంతే! అందుకే నా వరస ఇదీ: ముందు గది, తర్వాత దూరం, తర్వాత కాంట్రాస్టు, చివర్లో ల్యూమెన్లు.

దూరం అంటే త్రో రేషియో. అది 1.5 అయితే, పై తెరకి ప్రొజెక్టర్ దాదాపు 11 అడుగుల దూరంలో ఉండాలి. టేపు పెట్టి కొలిచాకే కొనండి. కీస్టోన్ కరెక్షన్‌తో సర్దుకుందాం అనుకుంటే కొన్ని పిక్సెళ్ళు వృథా. 4కె సపోర్ట్ అంటే ఆ సిగ్నల్ తీసుకుంటుందని మాత్రమే, లోపలి ప్యానెల్ 1280×720 అయినా కావచ్చు. నేటివ్ రిజల్యూషన్ ఎంతో చూడండి. వట్టి ల్యూమెన్లని రాసుంటే నమ్మకండి, ఏఎన్‌ఎస్‌ఐ అనో ఐఎస్ఓ అనో ఉండాలి.

హాల్లో చీకటి కుదరదంటారా? పట్టపగలు క్రికెట్ చూడాలంటారా? అయితే హాయిగా పెద్ద టీవీ కొనుక్కోండి. అందులో నామోషీ ఏం లేదు.

నేనైతే ఆ డబ్బా వెనక్కి పంపేసి, చిన్న బెడ్రూముకి మందపాటి కర్టెన్లు వేయించి, తెర చుట్టూ గోడకి ముదురు రంగు కొట్టించా. "ఇదేమన్నా గుహా?" అంది మా ఆవిడ. ఆ తర్వాతే ఇంకో ప్రొజెక్టర్ కొన్నా.

మా ఊరి టూరింగ్ టాకీస్ వాడు పొద్దుగూకితే గానీ మొదటాట మొదలెట్టేవాడు కాదు. ఇంజనీరింగ్ చదవని ఆయనకి తెలిసిన విషయం నాకు పద్నాలుగు వేలు పోసి ఆర్డర్ పెట్టాక తెలిసింది.

ఉగాదికి నాన్న మళ్ళీ వచ్చారు. సినిమా మొత్తం చూశారు. కళ్ళజోడు ఒక్కసారి కూడా తుడుచుకోలేదు.