రైలు కావాలి, దారి మాత్రం మనల్ని అడిగి గీయాలి

దివిసీమ ప్రజలారా!

మచిలీపట్నం–రేపల్లె రైలుమార్గం మన పాత కోరిక. పులిగడ్డ వంతెన దాటితే పెనుమూడి, ఆ పక్కనే రేపల్లె. బందరు నుంచి అక్కడికి రైల్లో పోవాలంటే మాత్రం గుడివాడ, బెజవాడ, తెనాలి చుట్టి రావాలి. అందుకే మేం రైలు వద్దనడం లేదు. ఊరిని అడక్కుండా గీత గీయొద్దంటున్నాం.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా వేయమంది, బహిరంగ విచారణ పెట్టమంది. రైల్వే చట్టం కింద తీసుకునే భూమిని మాత్రం వదిలేసింది. 2015లో పరిహారం, పునరావాసం నిబంధనలను రైల్వేకీ వర్తింపజేశారు. ఊరిని అడగాలన్న నిబంధనను వర్తింపజేయలేదు. రైల్వే చట్టం కింద భూమి తీసుకుంటే మనకు మిగిలేది పత్రికలో ప్రకటన, అభ్యంతరానికి 30 రోజులు. పర్యావరణ అనుమతి నిబంధనల్లోనూ రైల్వే లైన్లు లేవు గనుక ఆ విచారణా ఉండదు.

ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. జనాన్ని సంప్రదించాలన్నది ఆ సంస్థ నియమం. పాల్ఘర్‌లో ఆదివాసీ గ్రామసభలు వ్యతిరేక తీర్మానాలూ చేశాయి. అప్పిచ్చినవాడు అడగమంటే అడగాలి గానీ, మన పన్నులతో వేసే లైనుకు అక్కర్లేదా?

ఇక్కడ రైలుకట్ట వేయడమంటే నీటికి అడ్డం కట్టడమే. తూము చాలకపోతే మురుగు వెనక్కి తన్ని కోతకొచ్చిన వరి మునుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల ఇది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వచ్చింది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు కట్ట కొట్టుకుపోతే, మన రేపల్లె నుంచి బయలుదేరిన డెల్టా ప్యాసింజరులో వందమందికి పైగా చనిపోయారు. ఏ డ్రెయిను ఎక్కడ పొంగుతుందో ఆ గట్టు రైతును అడిగితే చెబుతాడు.

కాలువ గట్టున గుడిసె వేసుకుని చేపలు, పీతలు పట్టి బతికే యానాదుల మాటేమిటి? వాళ్లు గిరిజనులే గానీ కృష్ణా జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు, గ్రామసభను సంప్రదించాలనే పెసా చట్టం ఇక్కడ వర్తించదు. పట్టా లేనివాడికి నోటీసు ఎవరిస్తారు?

మార్గం ఖరారు కాకముందే సర్వే నంబర్లతో తెలుగు పటం ప్రతి గ్రామ సచివాలయంలో అంటించాలి. యానాది కాలనీల్లో, వేటకెళ్లినవాళ్లు తిరిగొచ్చే వేళకు, విడిగా సభ పెట్టాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. రైల్వేకిచ్చిన మినహాయింపును పార్లమెంటు ఎత్తేయాలి. ప్రతిపాదనలో ఉన్న హైదరాబాద్–చెన్నై హైస్పీడ్ లైనుకైనా ఇదే పద్ధతి ఉండాలి.

వచ్చే గ్రామసభకు రండి, పక్కనున్న యానాది కుటుంబాలనూ వెంటబెట్టుకు రండి. తీర్మానం రాయించి, దాని నకలు చేతికొచ్చేదాకా కదలకండి.